ప్రాంప్టరమ్మ పగ

భటుడి పీక నొక్కెయ్యాలని ప్రాంప్టరమ్మకు అనిపించింది ఒక మంగళవారం సాయంత్రం, ఏడూ నలభైకి, టీవీలో సబ్బు ప్రకటన వస్తుండగా. నిజానికి మనిషి సాధువు. కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఎదుటివాళ్ళ ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చుందో లేదో చూడటం, వదులైన మరలు బిగించడం, "కింది వరస కనిపిస్తోందా అండీ" అని అడగడం తప్ప ఒకరి జోలికి వెళ్ళినది కాదు. అలాంటి మనిషి రిమోట్‌ను గోడకేసి కొట్టింది. దాని మూత ఊడి బ్యాటరీలు తలోవైపూ దొర్లాయి.

ఈ పేర్లేమిటో ముందు చెప్పాలి. ఒకప్పుడు అయిదుగురు కలిసి నాటకాలాడేవారు. ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారాలు రిహార్సల్స్ వేసుకునే బాపతు. నాటకాలు రాసి ఆడించేది మాస్టారు. బీమా ఆఫీసులో గుమాస్తా అయినా గంభీరమైన గొంతు ఉన్న పాపానికి పెద్ద వేషాలన్నీ వేసినాయన రాజుగారు. మొహాలకు రంగులు పూసినావిడ మేకప్పావిడ, ఇప్పుడు సొంత పార్లరు నడుపుతోంది. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, మాట మరిచిపోయినవాళ్ళకు మెల్లగా అందించిన పిల్ల ప్రాంప్టరమ్మ. ఇక ఎన్ని నాటకాలు వేసినా రెండు ముక్కలకు మించిన వేషం దొరకనివాడు భటుడు. ఆటలు ఆగిపోయి పదిహేనేళ్ళయింది. పేర్లు మాత్రం వదల్లేదు.

ఫోన్లో వాళ్ళకో గ్రూపు ఉంది, 'సైడ్ వింగ్' అని, స్టేజి పక్కన తెరచాటు పేరు. పొద్దున్నే మాస్టారు తాను చదివిన పుస్తకం మీద ఏడు నిమిషాల వాయిస్ మెసేజి పెడతారు. ఎవరూ పూర్తిగా వినరు, అందరూ దణ్ణం బొమ్మ పెడతారు. రాజుగారు టీవీలో కనిపించిన ప్రతి నటుణ్ణీ చీల్చి చెండాడతాడు. మేకప్పావిడ ఆ నటుల విగ్గు అంచు ఎక్కడ లేచిందో ఎర్రగీత గీసి మరీ ఫొటో పెడుతుంది. నడుమ మోకాళ్ళ నొప్పులు, కరిచే కొత్త చెప్పులు, నీళ్ళు రాని కుళాయి. ప్రాంప్టరమ్మ చెప్పే సంగతులంటే మాత్రం అందరూ చెవి కోసుకుంటారు. "ఉన్నది ఉన్నట్టు కళ్ళకు కట్టిస్తావమ్మా" అంటారు మాస్టారు. ఆ మాట విన్న రోజు ఆవిడకు షాపులో కాలు నేల మీద నిలవదు.

భటుడు ఈ మధ్య పెద్దవాడైపోయాడు. అదృష్టం వెతుక్కుంటూ వచ్చి సీరియల్ రచయితను చేసింది. వారానికి అయిదు రోజులు, సాయంత్రం ఏడున్నరకు. గ్రూపులోని కబుర్లు ఏరుకుని కథలో పెట్టేస్తాడని అందరికీ తెలుసు. రాజుగారి మోకాలి నొప్పి సీరియల్లో మామగారికి వచ్చింది. మేకప్పావిడ పార్లర్లో ఒకావిడకు సగం కనుబొమ్మ ఎగిరిపోతే, అది చిన్నకోడలికి ఎగిరిపోయింది. నవ్వుకున్నారు. "మా మోకాలు కూడా స్టారైపోయిందిరా" అని రాజుగారు మురిసిపోయాడు.

ఆ మంగళవారం వచ్చింది మాత్రం చెల్లెలి కథ.

ప్రాంప్టరమ్మకు ఉన్నది ఒక్క చెల్లెలు. అమ్మా నాన్నా పోయాక ఒకరికొకరు. ఆ చెల్లెలి మొగుడు రెండేళ్ళ కిందట ఇల్లు వదిలి వేరే ఆవిడ దగ్గరికి వెళ్ళిపోయాడు. చెల్లెలు ఎవరికీ చెప్పలేదు. క్యాంపుల ఉద్యోగమని, పొద్దుపోయాక వచ్చి తెల్లారకుండానే వెళ్తాడని ఇరుగుపొరుగుకు చెప్పుకొచ్చింది. వాళ్ళు నమ్మడం కోసం అతను వదిలేసిపోయిన నాలుగు చొక్కాలను వారానికి రెండుసార్లు తడిపి పిండి బాల్కనీ తీగ మీద ఆరేసేది. మాసిందీ లేదు, తొడిగిన మనిషీ లేడు. అయినా ఉతికేది. ఆ సంగతి అక్కకు ఒక్కర్తికే చెప్పింది, వంటింట్లో కింద కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని. "నీకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలీదక్కా" అంది.

ప్రాంప్టరమ్మ ఆ ముక్క గ్రూపులో పెట్టింది. ఎందుకు పెట్టావంటే ఏం చెప్తుంది? ఆ రోజు, స్టేజి మీద మనిషి కాకుండా ఏ వస్తువును చూస్తే జనానికి ఏడుపొస్తుంది అని రాజుగారు అడిగాడు. ఒకరు చేతికర్ర అన్నారు, ఒకరు ఖాళీ ఉయ్యాల అన్నారు. ఇవన్నీ పాతవే కదా అనుకుంది. తన దగ్గర అంతకంటే మంచిది ఉంది. 'నాకు తెలిసినావిడ ఒకామె' అని మొదలుపెట్టింది. పేరు చెప్పలేదు కదా అని సర్దుకుంది. పంపిన నిమిషంలో నాలుగు ఏడుపు బొమ్మలు వచ్చాయి.

అదే మెసేజి, అక్షరం పొల్లు పోకుండా, సీరియల్లో వచ్చింది. చెల్లెలి వీధిలో ఆ సీరియల్ చూడని ఇల్లు లేదు. బుధవారం పొద్దున్న లేచి చూస్తే ఎదురుగా బాల్కనీలో నాలుగు చొక్కాలు. ఇక వేరే చెప్పేదేముంది? చెల్లెలు ఆ మధ్యాహ్నమే తీగ విప్పేసింది. అక్క పరిగెత్తుకుంటూ వెళ్తే తలుపు గొలుసు తీయకుండా, ఆ సందులోంచే చూసింది.

"నీకు నేను కథనా అక్కా?" అంది, తలుపు వేసేసింది. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

ప్రాంప్టరమ్మ భటుడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టింది. వాడు తాపీగా విన్నాడు.

"నువ్వే కదా తెలిసినావిడ అన్నావు? మీ చెల్లెలని నాకు కలొచ్చిందా? అయినా ఆ ఎపిసోడ్‌కి ఎంతమంది ఏడ్చారో తెలుసా? మా డైరెక్టరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఇలాంటివి ఉంటే పంపిస్తూ ఉండు" అన్నాడు.

ఇంకా పంపించాలట! చెల్లెలు పోయింది, వీడు డైరెక్టరు కళ్ళ గురించి చెప్తున్నాడు. వీడి పరువు కూడా అలాగే వీధిలో పడాలి. వీణ్ణి చెవి పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబెట్టి, 'దొంగను నేనే, మీ అక్క తప్పేం లేదు' అని వీడి నోటితోనే చెప్పించాలి. అప్పుడుగానీ చెల్లెలు తలుపు తీయదు. లెన్సు అంచులు అరిగించే మిషను ముందు కూర్చుని మూడు రోజులు ఆలోచించింది. నాలుగోరోజు ఉపాయం తట్టింది.

మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. నటులెవరికీ పూర్తి నాటకం ఇచ్చేవారు కాదు. ఎవరి మాటలు వాళ్ళకే, విడిగా చేత్తో రాసి ఇచ్చేవారు. ఎదుటివాడి ఆఖరి మాట ఏమిటో రాసి, దాని కింద నీ మాట. "నీ పాత్రకు తెలియనిది నీకూ తెలియకూడదు. తెలిస్తే మొహంలో కనిపించిపోతుంది" అనేవారు. నాటకం మొత్తం రాసిన పుస్తకం ప్రాంప్టరమ్మ ఒళ్ళోనే ఉండేది. మిగతావాళ్ళు కనీసం పక్కనుంచి చూసి కథ తెలుసుకునేవారు. భటుడికి ఆ ఓపిక కూడా లేదు. తన రెండు ముక్కలు అప్పజెప్పి, మీసం పీకేసి, సిగరెట్టు కోసం వెళ్ళిపోయేవాడు.

మాస్టారు రాసిన వాటిలో 'ఇంటాయన లేరు' అనే నాటకం ఉంది. జైలుకు వెళ్ళిన మొగుడు చనిపోయాడని ఊరంతా చెప్పుకుని బతుకుతున్న ఇంటికి, ఆ మొగుడు తిరిగివస్తాడు. ఏం చెయ్యాలో తోచక భార్య అతన్ని పై గదిలో అద్దెకు దిగినవాడిలా ఉంచుతుంది. కన్నకూతురు అతన్ని "అంకుల్" అంటుంది. పదకొండు ప్రదర్శనలు వేశారు. మాస్టారు తన చేతి చమురు వదిలించుకుని చిన్న పుస్తకంగా అచ్చువేయించారు కూడా. అది ఎవరు కొన్నారు, ఎవరు చదివారు అని అడక్కండి. అందులో భటుడు పోస్టుమాను. మొదటి రంగంలో "రిజిస్టరు ఉత్తరం, ఇక్కడ సంతకం పెట్టండి" అంటాడు, "వస్తానండీ" అంటాడు, పోతాడు. ఆ పదకొండుసార్లూ పోయాడు.

ప్రాంప్టరమ్మ బీరువా అడుగున ఉన్న పాత ప్రతిని బయటికి తీసింది. మర్నాడు మధ్యాహ్నం, షాపు వెనకగదిలో, భటుడికి విడిగా మెసేజి పెట్టింది.

'కోపంలో ఏదో అనేశాను. మనసులో పెట్టుకోకు. మా పక్కింటి మేడ మీద అద్దెకు ఒక వింత మనిషి దిగాడు తెలుసా? గ్రూపులో వద్దు, నీకొక్కడికే చెప్తున్నా.'

'చెప్పు చెప్పు' అని వెంటనే వచ్చింది జవాబు. ఎర మింగాడు.

ఇక రోజుకింత. పోస్టుమాను రంగం ఒక్కటి వదిలేసి మిగతాదంతా ఇంటి సంగతిలా మార్చి అందించింది. కింది వాటాలో ఆవిడ పళ్ళెంలో అన్నం పెట్టుకుని తన మేడమెట్లు తనే దొంగలా ఎక్కుతోందట. అద్దెకున్నాయన దగ్గితే ఆ పిల్ల "అచ్చం మా నాన్న ఇలాగే దగ్గేవాడట" అందట. భటుడికి ఆకలి పెరిగిపోయింది. 'తర్వాత?' 'ఇవాళేమైంది?' 'త్వరగా చెప్పు, రేపు షూటింగు' అని వెంటపడేవాడు. ఆవిడ కావాలని ఒకరోజు ఆపేది. 'వాళ్ళ తలుపు వేసి ఉంది' అనేది. అవతల భటుడు కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాడని ఊహించుకుంటూ, ఎవరికో కళ్ళజోడు కాడలు వంచుతూ, తనలో తాను నవ్వుకునేది. ఇన్నేళ్ళలో అంత సుఖంగా పనిచేసింది లేదు.

సీరియల్లో కొత్త మలుపు అదిరిందని జనం చెప్పుకోవడం మొదలైంది. ప్రాంప్టరమ్మ మాత్రం తొందరపడలేదు. ఆ మొగుడి వేషంలో రాజుగారు ప్రాణంపెట్టి ఆడిన ఘట్టం ఒకటుంది. కూతురు కాలేజీ దరఖాస్తు తెచ్చి, తండ్రి పేరు రాయాల్సిన చోట ఏం రాయాలో తెలియక, అద్దెకున్న 'అంకుల్'ను అడుగుతుంది. అది ఆఖరుకు దాచి, అప్పుడు అందించింది. భటుడు దాన్ని ఒక్క మాట మార్చకుండా వాడేశాడు. శుక్రవారం ఏడూ యాభైకి గ్రూపులో బాంబు పేలింది.

'ఈ కథ ఎక్కడో చూసినట్టుందే అని రోజూ అనుకుంటూనే ఉన్నాను. ఒరేయ్ భటుడూ! ఇది నా డైలాగురా!' అన్నాడు రాజుగారు.

'ఏ డైలాగు?' అన్నాడు భటుడు.

'ఏ డైలాగేమిట్రా వెధవా! "నా పేరు తప్ప ఏ పేరైనా రాయమ్మా" అని నేను పదకొండుసార్లు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. "ఇంటాయన లేరు" మూడో అంకం!'

'ఆ నాటకంలో ఇదుందా?' అని భటుడు అడగడం చూసి మేకప్పావిడ ఇరవై నవ్వు బొమ్మలు పెట్టింది. 'నువ్వు వేషం కట్టావు కదరా నాయనా! మీసం అంటించింది నేనే!'

'నేను మొదటి సీన్లోనే వెళ్ళిపోయేవాణ్ణి కదా...'



రాజుగారికి ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. అచ్చు పుస్తకం పేజీలు ఒకపక్కా, సీరియల్ ముక్కలు ఒకపక్కా పెట్టి లోకం మీదికి వదిలాడు. మూడు రోజుల్లో భటుడి మొహం ప్రతి ఫోన్లోనూ తిరిగింది. తను ఆడిన నాటకాన్నే దొంగిలించిన మొనగాడని పేరు పడింది. అది నాటకమని తనకు తెలియదని, స్నేహితురాలి పక్కింటి సంగతి అనుకున్నానని భటుడు ప్రాంప్టరమ్మ పంపిన మెసేజీలన్నీ సీరియల్ కంపెనీ వాళ్ళకు చూపించాడట. వాళ్ళు ఇంకా నవ్వారట. "అంటే సొంతంగా ఏదీ రాయవన్నమాట" అని పంపించేశారు. రాజుగారు వాణ్ణి గ్రూపులోంచి కూడా తీసేశాడు.

ప్రాంప్టరమ్మ ఆ రోజు షాపుకు కొత్త చీర కట్టుకుని వెళ్ళింది.

మాస్టారు సాయంత్రం ఫోన్ చేశారు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"వాడు చెప్పే ఆ స్నేహితురాలు నువ్వేగా అమ్మా? పుస్తకం మొత్తం నీ ఒళ్ళోనే ఉండేది" అన్నారు.

ఆవిడ కొత్త చీర కొంగు సర్దుకుంది.

"నా నాటకాన్ని ఎర వేశావు. నన్నొక మాట అడిగితే బావుండేది. సరే. పగ తీరిందా?"

"ఇంకా లేదండీ. ఒక్క పని మిగిలింది" అంది. నాటకం సంగతి అడగకుండా చేసినందుకు లోపల ఎక్కడో గుచ్చుకుంది గానీ, ఆ ఒక్క పనీ అయ్యాక తీరిగ్గా క్షమాపణ చెప్పుకుందామనుకుంది.

ఆ ఒక్క పని తనంతట తనే షాపుకు నడిచొచ్చింది. నాలుగు రోజుల గడ్డంతో భటుడు వచ్చి, కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వే చేశావు కదూ" అన్నాడు.

"అవును, నేనే చేశాను. బాగుందా? నీ బతుకును పదిమందీ కూర్చుని చూస్తుంటే ఎలా ఉంది?"

వాడు తల వంచుకున్నాడు. "ఉద్యోగం పోతే పోయింది. రాజుగారు నా ఫోను కూడా ఎత్తడం లేదు. మాస్టారికి మొహం చూపించలేను. పొద్దున్నే ఫోన్ తీస్తే ఎవరూ లేరు. నాకు ఉన్నది మీరే కదే" అన్నాడు.

జాలి పడాల్సిన చోటది. ఆవిడ పడలేదు. "గ్రూపులోకి తిరిగి రావాలా? జరిగిందంతా నేనే రాజుగారికి చెప్తాను. నువ్వు నాతో వచ్చి మా చెల్లెలి ముందు నిలబడు. కథ దొంగిలించింది నువ్వేనని, మా అక్క... కాదు, మీ అక్క తప్పేం లేదని చెప్పు" అంది. సంతోషంలో ఆవిడకే మాట తడబడింది.

ఆదివారం పది గంటలకు ఇద్దరూ చెల్లెలి అపార్టుమెంటు రెండో అంతస్తు ఎక్కారు. బెల్లు కొడితే చెల్లెలు తలుపు తీసింది, ఈసారి గొలుసు లేకుండా. చిక్కిపోయింది. అక్కను చూసి తలుపు వెయ్యబోయి, పక్కన మగమనిషిని చూసి ఆగింది.

"ఈయనే ఆ సీరియల్ రాసినాయన. నీకు చెప్పాల్సింది ఉందట" అంది ప్రాంప్టరమ్మ.

భటుడు గొంతు సవరించుకున్నాడు. "నేను... మీ అక్కగారు..." అని ఆగిపోయాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? ప్రాంప్టరమ్మ పెదవులు కదపకుండా పక్కనుంచి అందించింది, "దొంగిలించాను అను."

"దొంగిలించానండీ. మీ అక్కగారు స్నేహితుల మధ్య ఫోన్లో చెప్పుకున్న మాట, ఆవిణ్ణి అడక్కుండా టీవీలో పెట్టేశాను. తప్పంతా నాది. క్షమించండి."

ప్రాంప్టరమ్మ చెల్లెలి మొహంలోకి ఆశగా చూసింది. ఎన్ని రోజులుగా కాచుకున్న ఘడియ అది! చెల్లెలు ఏడవలేదు, తిట్టలేదు. చెయ్యి చాపింది.

"ఆ చెప్పుకున్న మాట ఫోన్లో ఉందా అండీ? ఒకసారి చూడొచ్చా?"

"దాచుకున్నాను" అని భటుడు వెతికి ఫోన్ ఇచ్చాడు. చెల్లెలు గుమ్మంలోనే నిలబడి చదివింది. పెద్ద మెసేజీ కాదు. అయినా చాలాసేపు చదివింది. తర్వాత అక్కను ఉద్దేశించి, గొంతు పెంచకుండా, పైకి చదవడం మొదలుపెట్టింది.

"'ఆరిన చొక్కాను రాత్రి కుర్చీకి తొడిగి బొత్తాలు పెడుతుందట. ఎదురుగా కంచం పెట్టి, తినండి, చల్లారిపోతుంది అంటుందట.'" ఫోన్ దించింది. "కింద షాపుకి వెళ్తే ఆడవాళ్ళు నన్ను ఏమని అడుగుతున్నారో తెలుసా అక్కా? 'మీ చొక్కాగారు భోంచేశారా' అని. టీవీవాళ్ళు కల్పించారనుకున్నాను. రెండు నెలల నుంచి ఈయన్నే తిట్టుకుంటున్నాను. నేనెప్పుడు చేశానే ఈ పని? నీకెప్పుడు చెప్పాను?"

ప్రాంప్టరమ్మకు ఆ మెసేజి పెట్టిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు టైపు చేస్తుండగా, ఉత్త చొక్కాలు ఆరేయడం దగ్గర ఆపేస్తే చప్పగా ఉందనిపించింది. ఇంకొంచెం ఉంటే బాగుండుననిపించింది. ఆ రెండు వాక్యాలు చేర్చాకే నాలుగు ఏడుపు బొమ్మలు వచ్చాయి.

"నేను నిజమే అనుకున్నానండీ" అన్నాడు భటుడు మెల్లగా. "ఒట్టు. నిజమనుకునే రాశాను."

"తెలుస్తోంది లెండి" అంది చెల్లెలు. ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "ఎండలో వచ్చారు. లోపలికి వచ్చి కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను."

భటుడు ప్రాంప్టరమ్మ వైపు ఒకసారి చూసి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. ప్రాంప్టరమ్మ కూడా ఒక చెప్పు విడిచింది. చెల్లెలు గుమ్మంలోంచి జరగలేదు. భటుడు తాగి వెళ్ళేదాకా వేచి ఉంటానంది అక్క. అక్కర్లేదు, ఆయనకు దారి తెలుసు, నువ్వు వెళ్ళు అని చెల్లెలు తలుపు దగ్గరగా వేసింది.